గీత కింద ఐదు

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫిడెల్మా ట్యూహీ తార్పీల ఇంటి వంటగదిలో అడుగుపెట్టింది. గోడ గడియారం మాత్రం ఏడూ ఇరవై దగ్గర ఆగి ఉంది. నిన్న ఉదయం ఫెస్టస్ తార్పీ కన్నుమూసిన నిమిషానికి, ఆచారం ప్రకారం, చెల్లెలు బ్రీజ్ దాన్ని ఆపేసింది. పక్కగదిలో అద్దానికి దుప్పటి కప్పి, కిటికీ తెరిచి, శవపేటిక మూత తీసి పెట్టారు. ఎనభై ఎనిమిదేళ్ల ఫెస్టస్, ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు వేసుకు వెళ్లడం తప్ప మరెందుకూ పనికిరాని నల్లకోటు తొడుక్కుని, అందులో ప్రశాంతంగా ఉన్నాడు.

ఫెస్టస్ నుదుటి మీద చెయ్యి ఆనించి, ఒక ప్రార్థన చెప్పుకుని ఫిడెల్మా వెనక్కి వచ్చింది. శాండ్‌విచ్‌లు కోస్తున్న ముగ్గురు పొరుగావిడల్ని మర్యాదగా బయటికి పంపి, తలుపు వేసి, నోటుపుస్తకం తీసింది.

ఆమె ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా గ్రంథాలయంలో పాతపత్రికల గది చూసుకుంది. ఉద్యోగం అయిపోయాక ఊళ్లోవాళ్ల తాతముత్తాతల సంగతులు వెతికిపెడుతోంది. పోలీసులు బతికున్నవాళ్ల అబద్ధాలు పట్టుకుంటే ఈవిడ పోయినవాళ్లవి పట్టుకుంటుందని డన్‌ఫోయిల్‌లో ఒక మాట ఉంది.

"టైము ఎంత ఉంది మనకి?" అని అడిగింది.

"సాయంత్రం ఐదు," అంది బ్రీజ్. ఆవిడకి ఎనభై నాలుగు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నా జాకెట్టు గుండీలు మెడదాకా పెట్టే ఉన్నాయి. "అంత్యక్రియలు గురువారం. రేపు పొద్దున్నే గొయ్యి తవ్వాలి. తవ్వేది ఇరుగుపొరుగు మగపిల్లలే. ఐదింటిలోగా తేల్చమని సమాధుల తోట కమిటీ సెక్రటరీ కబురు పెట్టింది. లేకపోతే హైవే పక్కన కొత్త తోటలో పెట్టుకోమంది. ఫెస్టస్ పశువుల సంతలోనే తెలియనివాళ్ల పక్కన నిలబడేవాడు కాదు తల్లీ! హైవే పక్కన తెలియనివాళ్ల మధ్య పడుకోబెట్టమంటుంది!"

కిల్‌బ్రాక్ పాత సమాధుల తోటలో కొత్త గోతులకు చోటు లేదు. ఉన్న సమాధిని తెరవాలంటే, అందులో ఉన్నవాళ్ల రక్తసంబంధీకులై ఉండాలి. తార్పీల సమాధిలో ఒక్క మనిషికి చోటుంది. ఫెస్టస్‌కి ఆ హక్కు లేదని కమిటీ ఉత్తరం రాసింది.

"ఆ సమాధిలో ఎవరెవరున్నారు?"

"మా నాన్నమ్మ హానర్, తాత పాట్రిక్, పీటర్ పెదనాన్న, కేట్ అత్త."

"మీ నాన్న?"

"డొమినిక్ తార్పీ. అమ్మ పక్కనే ఉంటానన్నాడు. అమ్మవాళ్ల సమాధిలో పెట్టాం. అక్కడ చోటు అయిపోయింది. ఫెస్టస్ మాత్రం చిన్నప్పటినుంచీ ఒకటే పాట. కేట్ అత్త కాళ్ల దగ్గర పెట్టండి అని."

"కేట్ అత్త గురించి చెప్పండి."

"చర్చి ఫాదర్ గారింట్లో నలభై ఏళ్లు వంట చేసింది. పెళ్లి చేసుకోలేదు. ప్రతి ఆదివారం ఇక్కడికే వచ్చేది. నేను పన్నెండేళ్లదాన్ని ఆవిడ పోయేటప్పటికి." బ్రీజ్ కొంచెం నవ్వింది. "మా నాన్నకి అప్పటికే యాభై దాటాయి. ఆయన పళ్లెంలో మాంసం ఆవిడే ముక్కలు కోసి పెట్టేది. 'నాకు చేతులున్నాయి' అని ఆయన అరిచేవాడు. 'ఉంటే ఉన్నాయిలే, తిను' అనేది."

ఫిడెల్మా ఆ మాట రాసుకుంది. ఎందుకో అప్పటికి తనకీ తెలియదు.

"మీ నాన్న ఎప్పుడు పుట్టాడు?"

"పద్దెనిమిది వందల తొంభై ఏడు జూన్. తాత పోయిన ఐదు నెలలకి. అందరికంటే చిన్నవాడు." బ్రీజ్ ఉత్తరం ముందుకు తోసింది. "ఇందులో మా నాన్న మా నాన్నమ్మ కొడుకే కాదని రాశాడు ఆ డెవనీ కుర్రాడు. నువ్వు పెంచిన శిష్యుడేగా! కాస్త చెవి మెలిపెట్టలేవూ?"

డెవనీ కుర్రాడికి నలభై ఏడేళ్లు.

*

పదకొండూ నలభైకి లోర్కన్ డెవనీ సమాధుల తోటలోనే దొరికాడు. కమిటీ వేయబోయే పుస్తకానికి ప్రతి సమాధి వంశవృక్షం గీసిపెట్టేది అతనే. పదిహేనేళ్లు ఫిడెల్మా కింద పనిచేశాడు. ఆమెను చూడగానే కొలత టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"వస్తారనుకున్నాను ఫిడెల్మా గారూ."

"రాకపోతే బాధపడేవాడివా, సంతోషించేవాడివా?"

అతను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆమె తార్పీల రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నాచును గోటితో గీరకుండా, తడిగుడ్డ అద్ది, పక్కనుంచి టార్చి వేసి చదివింది. పాట్రిక్, 1897 జనవరి. హానర్, 1923, వయసు ఎనభై నాలుగు. పీటర్. కేథరిన్, అంటే కేట్, 1953, వయసు డెబ్భై ఆరు. అక్షరాలన్నీ ఒక్క చేతివే. కేథరిన్ పేరు కింద మాత్రం రాయి అరచేతి మేర నున్నగా అరిగి ఉంది. అక్కడ ఎవరో చెయ్యి పెట్టుకుని ఏళ్ల తరబడి నిలబడ్డారు.

"చూశారుగా," అన్నాడు లోర్కన్. "ఎనభై నాలుగేళ్లకి 1923లో పోయిందంటే 1839లో పుట్టింది. డొమినిక్ పుట్టింది 1897లో. యాభై ఎనిమిదేళ్ల మనిషి బిడ్డను కనదు. 1911 జనాభా లెక్కల్లో ఈవిడకి డెబ్భై రెండు. సరిపోయింది. కానీ డొమినిక్ పేరు 1901 లెక్కల్లోనే ఉంది, అక్కడ హానర్‌కి నలభై తొమ్మిది. అంటే ఆవిడ వేరే హానర్. కిల్‌బ్రాక్‌లో అప్పుడు ఏడు తార్పీ ఇళ్లున్నాయి."

"1901లో ఇంట్లో ఇరవై రెండేళ్ల పీటర్, పన్నెండేళ్ల ఎలెన్. 1911లో ముప్ఫై రెండేళ్ల పీటర్, ఇరవై రెండేళ్ల ఎలెన్. పిల్లలు బుద్ధిగా పదేళ్లే పెరిగారు. తల్లొక్కతే ఇరవై మూడు పెరిగిందా?"

"వేరే పీటర్. ఊళ్లో నలుగురు పీటర్లున్నారు."

"నలుగురు పీటర్లకీ ఎలెన్ అనే చెల్లెలుందా?"

"నేను కాగితాల్లో ఉన్నదే రాశాను."

ఫిడెల్మా మోకాళ్లు దులుపుకుని లేచింది. "మధ్యలో 1909 ఉంది లోర్కన్. డెబ్భై నిండిన ప్రతి మనిషికీ ప్రభుత్వం పింఛను మొదలుపెట్టిన ఏడు. పుట్టిన కాగితాలు ఎవరికీ లేవు. దేశంలో సగంమంది ముసలమ్మలు ఒక్క రాత్రిలో పదిహేనేళ్లు పెద్దవాళ్లయిపోయారు. నువ్వు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, మధ్యాహ్నం టీ తాగుతూ నేను నీకు చెప్పిన మొదటి పాఠం ఇది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పాఠం వేరు, రుజువు వేరు. రుజువుంటే తీసుకురండి. సెక్రటరీ ఐదుదాకా ఉంటుంది."

"తెస్తాను. కానీ నన్ను తొలుస్తున్నది అది కాదు." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇది తెలియనివాడు చేసే తప్పు. నువ్వు తెలియనివాడివి కాదు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఒక ముసలావిడ ఏడుస్తుంటే, కావాలని తప్పు చేసే మనిషివీ కాదు. ఇంత పాడు పని ఎందుకు చేస్తున్నావు నాయనా?"

"నాకు పని ఉంది," అని లోర్కన్ గేటువైపు నడిచాడు. ఎంత తొందరపడ్డాడంటే కొలతలు రాసుకున్న కాగితాల అట్టను గోడమీదే మరచిపోయాడు. ఫిడెల్మా దాన్ని తడవకుండా రాయి చాటున పెట్టి వెళ్లింది. కోపం వేరు, కాగితం వేరు.

*

ఒంటిగంటకు గ్రంథాలయంలో పాత కుర్చీ ఆమెకోసం ఖాళీగానే ఉంది. ముందు 1909 'డన్‌ఫోయిల్ హెరాల్డ్' పత్రిక సంపుటం తెప్పించింది. ఫిబ్రవరి రెండోవారం, మూడో పేజీ, పింఛను కమిటీ సమావేశం.

కిల్‌బ్రాక్ వితంతువు హానర్ తార్పీ, 1839 జనవరిలో ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ లేచిపోయిన పెద్దగాలి రాత్రి తనకు బాగా గుర్తుందనీ, ఆ రాత్రి తన చేత్తో బంగాళదుంప తిన్నాననీ చెప్పింది. 'అయితే నువ్వు పుట్టకముందే అన్నప్రాశన అయిపోయిందన్నమాట' అని అధ్యక్షుడు అన్నాడు. నవ్వులు. పింఛను అధికారి లేచి, ఈమె కడగొట్టు కొడుకుకి పన్నెండేళ్లు కూడా నిండలేదని అభ్యంతరం చెప్పాడు. 'పిల్లవాడు ఆలస్యంగా వచ్చాడు, అంతే. వాడిని తిరిగి పంపమంటారా?' అని దరఖాస్తుదారు అడిగింది. మళ్లీ నవ్వులు. మంజూరైంది.

ఫిడెల్మా కూడా నవ్వింది. పింఛను కోసం వయసు పెంచుకున్న హానర్, పన్నెండేళ్ల కొడుకున్న హానర్ ఒక్కరే. లోర్కన్ కట్టిన ఇద్దరు హానర్ల గోడ కూలిపోయింది. ఒంటిగంట ముప్ఫై ఐదు. ఇక నకలు తీసుకుని సెక్రటరీ దగ్గరకు వెళ్లడమే.

కానీ ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు. లేచేముందు 1911 జనాభా లెక్కల పత్రాన్ని ఇంకోసారి తెర మీద పెద్దది చేసి చూసింది.

ఆ పత్రంలో భర్త బతికున్న ఆడవాళ్లు మాత్రమే నింపాల్సిన గడులు రెండున్నాయి: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. వితంతువులు వాటిని ఖాళీగా వదిలెయ్యాలి. కానీ కన్న తల్లిని పిల్లలెందరని అడిగితే ఖాళీగా ఎలా వదిలేస్తుంది? చాలామంది నింపేశారు. తరవాత కానిస్టేబులు తీరిగ్గా కూర్చుని ఆ అంకెల మీద గీత కొట్టాడు. కొట్టిన అంకెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎవరూ చూడరు కూడా.

హానర్ వరసలో గీత ఉంది. గీత కింద: పుట్టినవాళ్లు ఐదు. బతికున్నవాళ్లు ఐదు.

ఫిడెల్మా 1901 పత్రం పక్కన పెట్టుకుని వేలితో లెక్కపెట్టింది. కేట్ ఇరవై నాలుగు. పీటర్ ఇరవై రెండు. బ్రిజిట్ పంతొమ్మిది. మార్టిన్ పదహారు. ఎలెన్ పన్నెండు. డొమినిక్ నాలుగు. ఆరుగురు.

ఇంకోసారి లెక్కపెట్టింది. ఆరుగురే.

వయసు విషయంలో ప్రభుత్వానికి అబద్ధం చెప్పడానికి హానర్‌కి ఏ బెంగా లేదు. కానీ ఎంతమందిని కన్నావని అడిగితే అబద్ధం రాయలేకపోయింది. ఎలెన్ తరవాత ఎనిమిదేళ్ల ఎడం. భర్త పోయిన ఐదు నెలలకు ఆరో బిడ్డ. డొమినిక్ పుట్టుక సర్కారు నమోదులో లేదు. చర్చి పుస్తకంలో ఆ ఏడాది పుటలు చెమ్మకు అతుక్కుపోయాయి. చూడబోతే లోర్కన్ తప్పుదారిన నడిచి సరైన చోటికే చేరాడు. డొమినిక్ హానర్ కొడుకు కాదు.

కాసేపు ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ రెండు పత్రాలూ మూసేసి, పింఛను వార్త ఒక్కటే పట్టుకెళితే ఫెస్టస్‌కి చోటు దొరుకుతుంది. గీత కింద చూసేవాళ్లు ఈ జిల్లాలో ఇద్దరే ఉన్నారు.

అప్పుడు పళ్లెం గుర్తొచ్చింది. యాభై దాటిన తమ్ముడి పళ్లెంలో మాంసం ముక్కలు కోసిపెట్టే అక్క. అక్క ఆ పని చేస్తుందా? ఫిడెల్మాకి ముగ్గురు తమ్ముళ్లు. వాళ్ల పళ్లెం జోలికి ఎప్పుడైనా వెళ్లిందంటే అందులోంచి తీసుకోవడానికే.

"1897 సంపుటం తెప్పించమ్మా," అంది కౌంటరులో పిల్లతో. "ద్వితీయార్ధం."

రెండూ యాభైకి దొరికింది. అక్టోబరు, జిల్లా కోర్టు వార్తలు. పెళ్లి చేసుకుంటానని నమ్మించి తన కూతురు కేథరిన్‌ను తల్లిని చేశాడని, వితంతువు హానర్ తార్పీ ఒక యువకుడి మీద వేసిన దావా. ప్రతివాది వకీలు: 'బిడ్డ ఇప్పుడెక్కడ ఉన్నాడు?' వాది: 'మా ఇంట్లో, నా ఐదుగురూ ఊగిన ఉయ్యాల్లో.' వకీలు: 'ఏ ఇంటిపేరుతో పెరుగుతాడు?' వాది: 'మాదే. దానికేం తక్కువ?' తీర్పు వాది పక్షాన.

ప్రతివాది పేరు పై వరసలో ఉంది. ఫిడెల్మా దాన్ని చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివింది.

సంపుటం అట్ట లోపల, దాన్ని తెప్పించుకున్నవాళ్లు సంతకం పెట్టే చీటీ ఉంది. ఈ పదేళ్లలో ఒక్కటే సంతకం. నాలుగేళ్ల కిందటిది. లోర్కన్ డెవనీ.

మూడూ పదికి ఆమె వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"1897 అక్టోబరు," అంది. అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "నేను ఆ పేరు బయటపెట్టను లోర్కన్. ఫెస్టస్ కేట్ మనవడని తేలితే చాలు, సమాధి హక్కు వస్తుంది. ఆ మగాడెవరన్నది ఎవరికీ అక్కర్లేదు. నాలుగున్నరకి తార్పీల ఇంటికి రా. నువ్వు తప్పు రాశానని నీ చేత్తో రాసివ్వు."

"బ్రీజ్ గారికి చెబుతారా? కేట్ సంగతి?"

"ఆవిడ నాన్నమ్మ ఎవరో ఆవిడకు చెప్పకుండా సెక్రటరీకి చెప్పనా?"

"వస్తాను," అన్నాడు.

*

నాలుగూ ముప్ఫై ఐదు. వంటగదిలో బ్రీజ్, లోర్కన్, ఫిడెల్మా ముగ్గురే. ఫిడెల్మా నకళ్లు బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపిస్తూ, నెమ్మదిగా చెప్పింది. బ్రీజ్ అడ్డు తగలకుండా విన్నది. కోర్టు వార్త నకలులో పై వరస మడిచి ఉంది.

"నా ఐదుగురూ ఊగిన ఉయ్యాల్లో," అని ఆవిడ పైకి చదివింది. మళ్లీ చదివింది. "అయితే కేట్ అత్త, అత్త కాదన్నమాట. నాన్నమ్మ." ఆవిడ మొహం విప్పారింది. "ప్రతి ఆదివారం నా జడ విప్పి మళ్లీ వేసేది. అమ్మ వేసినది బాగాలేదనేది. అమ్మకి ఒళ్లు మండిపోయేది. అత్తగారే కదా మరి! ఆ హక్కుతోనే వేసిందన్నమాట!"

లోర్కన్ అప్పటికే రాసి సంతకం చేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. సెక్రటరీకి ఫోన్‌లో కూడా చెప్పాడు. నాలుగూ నలభై ఎనిమిదికి తవ్వే పిల్లలకు కబురు వెళ్లింది. ఫెస్టస్‌కి కేట్ కాళ్ల దగ్గర చోటు ఖాయమైంది.

"పోనీలే, తప్పు దిద్దుకున్నావు," అని బ్రీజ్ అతని ముందుకు టీ తోసింది. తరవాత మడిచిన కాగితం చేతిలోకి తీసుకుంది. "ఇది ఎందుకు మడిచావు తల్లీ?"

"అది అవసరం లేదు బ్రీజమ్మా."

"మగాడి పేరా?"

ఫిడెల్మా కాగితం కోసం చెయ్యి చాచింది. ఆవిడ విప్పబోతుంటే లోర్కన్ ఆ చేతి మీద చెయ్యి వేశాడు.

"నేను చెప్తాను. మైకేల్ డెవనీ. మా ముత్తాత."

బ్రీజ్ అతని మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. వరసలు కలుపుకుంటోందని ఫిడెల్మాకి అర్థమైంది. మైకేల్‌కి పుట్టిన డొమినిక్. తరవాత పెళ్లాడిన భార్యకు పుట్టిన లోర్కన్ తాత. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలు.

"మీ నాన్న జెరాల్డ్," అంది ఆవిడ. "జెరాల్డూ నేనూ అన్నదమ్ముల పిల్లలం."

"అవునండీ."

"అరవై మూడులో..." ఆవిడ ఫిడెల్మా వైపు తిరిగింది. "నీకు తెలియదు తల్లీ, నువ్వింకా పుట్టలేదు. రెండేళ్లు తిరిగాం మేమిద్దరం. ఉంగరం కూడా చూశాం. ఒకరోజు నాన్న వద్దన్నాడు. ఎందుకని అడిగితే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాత జెరాల్డ్ నా మొహం చూడటం మానేశాడు. వాళ్ల కొట్టు ముందు నుంచి నేను వెళితే లోపలికి తప్పుకునేవాడు. మాకు పొలం లేదని వదిలేశాడనుకున్నాను. అరవై రెండేళ్లు అలాగే అనుకున్నాను."

"కాదు," అన్నాడు లోర్కన్. "ఫెస్టస్ గారు కొట్టుకు వచ్చి నాన్నకి అంతా చెప్పారట. మీకు మాత్రం తెలియనివ్వొద్దని మాట తీసుకున్నారట. మీ నాన్న పుట్టుక గురించి ఊరంతా చెప్పుకుంటే మీరు తట్టుకోలేరని. నాన్న ఆ మాట తప్పలేదు. నాలుగేళ్ల కిందట నేను ఈ వార్త పట్టుకెళ్లి అడిగితే, నాన్న ఏడ్చాడు. ఆ అమ్మాయికి తెలియకూడదన్నాడు. అందుకే పుస్తకంలో డొమినిక్ గారి పేరే లేకుండా చేద్దామనుకున్నాను. ఫెస్టస్ గారు పోతారని, దానివల్ల ఆయనకే చోటు లేకుండా పోతుందని, నాకు... తట్టలేదు. ఆయన పోయాక, రాసింది వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు."

"ఆ అమ్మాయి," అంది బ్రీజ్. "ఆ అమ్మాయి అన్నాడా?"

"అలాగే అన్నాడు."

ఆవిడ లేచి పక్కగది గుమ్మం దాకా వెళ్లి, శవపేటికలో ఉన్న అన్నగారిని నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "నోరు విప్పితే వానా, గొడ్లూ తప్ప మాట్లాడేవాడివి కాదు. ఇంత కడుపులో పెట్టుకున్నావా అన్నయ్యా? రేపు పెడతాలే నీకు గడ్డి." ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగింది. "కొట్టు ఎన్నింటికి కడతాడు మీ నాన్న?"

"ఆరింటికి."

"ఇవాళ ఐదుకే కట్టమను. వచ్చి నా ఎదురుగా కూర్చుని ఆ మాట తన నోటితో చెప్పమను. చెప్పాల్సింది నువ్వు కాదు, ఫిడెల్మా కాదు."

లోర్కన్ కిటికీ వైపు చూశాడు.

"కొట్టు ఇవాళ అసలు తెరవలేదండీ," అన్నాడు. "నాన్న బయట కార్లోనే ఉన్నాడు. నాతోపాటే వచ్చాడు. మీరు లోపలికి రానిస్తారో లేదోనని కూర్చున్నాడు."